మల్లాపూర్ నుంచి ఖానాపూర్‌కు పరుగున: నాకు గుర్తులేని రోడ్డు మీద ఒక ఆదివారం

ఆ ఆదివారం నాటికి మందు మానేసి పద్నాలుగు నెలలు. పరుగు మొదలుపెట్టి పదకొండు నెలలు. ఇవి రెండూ నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. చెప్పలేనిది ఒక్కటే. రెండేళ్ల కింద, వానాకాలం చివర, ఒక సాయంత్రం మెట్‌పల్లి నుంచి ఖానాపూర్ వెళ్లే దారిలో ఏం జరిగిందో నాకు గుర్తులేదు. బండి నడిపింది నేనే. వెనక కూర్చున్నది శంకర్. ఇద్దరం కాంట్రాక్టు పని మీద పదేళ్లు కలిసి కరెంటు స్తంభాలెక్కినవాళ్లం. మెట్‌పల్లిలో తాగడం గుర్తుంది, బండి స్టార్ట్ చేయడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది ఆసుపత్రి పైకప్పే. నాకు భుజం ఎముక విరిగింది, రెండు నెలల్లో అతుక్కుంది. శంకర్‌కు కుడికాలు నుజ్జయింది. రాడ్లు వేశారు గానీ మోకాలు ఇక వంగదన్నారు. కుక్క అడ్డమొచ్చిందని శంకర్ పోలీసులకు చెప్పాడు, ఇంట్లోవాళ్లకూ అదే చెప్పాడు. నేనూ అందరికీ అదే చెప్పుకుంటూ వచ్చాను. తాగినన్నాళ్లూ ఆ కుక్కను నమ్మాను. మానేశాక నమ్మలేకపోయాను. ఈ ప్రయాణం అందుకే.

మాది మందమర్రి. మా బాపు బొగ్గుగనిలో పనిచేసి, ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి, జన్మలో చుక్క ముట్టలేదు. నేను మాత్రం ఇరవై రెండేళ్లకు మొదలుపెట్టి నలభై దాకా ఆపలేదు. ఇప్పుడుంటున్న కరీంనగర్‌లో ఒక డాక్టరు దగ్గర చేరి మానేశాను. మొదటి వారం చేతులు వణికి గ్లాసు పట్టుకోలేకపోయాను, గోడ మీద లేని పురుగులు కనిపించాయి. ఇది చదివి ఎవరైనా రేపటి నుంచి ఒక్కసారిగా మానేద్దామనుకుంటే, ముందు డాక్టరును కలవండి. ఆ వారం ఒంటరిగా దాటేది కాదు. ఇంటికి వచ్చాక సాయంత్రం ఆరు కొడితే చాలు, ఒళ్లంతా దడ. ఆ గంటను ఏం చేసుకోవాలో తెలియక మా వీధి చివరి గ్రౌండుకు వెళ్లి కూర్చునేవాణ్ని. అక్కడ కలిశారు మొయిన్ సాబ్. బడిలో పీఈటీ సారుగా చేసి రిటైరైన అరవై రెండేళ్ల మనిషి, పొద్దునా సాయంత్రం గ్రౌండు చుట్టూ పరుగెత్తుతారు. మొదటి రోజు ఆయన వెంట ఒక చుట్టు కూడా పూర్తి చేయలేక గోడ పక్కన వాంతి చేసుకున్నాను. ఆయన నీళ్ల సీసా చేతికిచ్చి, "రేపు గూడ రా బేటా. ఉరుకుడు తర్వాత, ముందుగాల వచ్చుడు నేర్చుకో" అన్నారు.

వెళ్లడం నేర్చుకున్నాను. ఒక చుట్టు రెండైంది, రెండు పదయ్యాయి. ఆకలి తిరిగి వచ్చింది, నిద్ర పట్టింది. వీధిలో నన్ను తాగుబోతు సుధాకర్ అన్నవాళ్లే ఉరికే సుధాకర్ అనడం మొదలుపెట్టారు. ఆ పేరు నాకెంత నచ్చిందంటే, అది ఎక్కడ పోతుందోనన్న భయం కూడా దాంతోపాటే పట్టుకుంది. పరుగెత్తుతుంటే ఒక్కోసారి అనిపించేది, ముందున్నవాడు కొత్త మనిషి, వెనక వస్తున్నవాడు బండి నడిపినవాడు, ఎప్పుడో ఒకరోజు అందుకుంటాడని. శంకర్‌ను చూసి ఏడాది దాటింది. చివరిసారి ఖానాపూర్ వెళ్లినప్పుడు కూడా తాగే వెళ్లాను. ఇప్పుడు వెళ్లి అడగాలనుకున్నాను, నిజంగా కుక్క వచ్చిందా అని. బస్సులో వెళితే ఆ చోటు కిటికీలోంచి దాటిపోతుంది. బండి ఆ రోజు తర్వాత ముట్టలేదు. కాబట్టి చివరి ఇరవై కిలోమీటర్లు పరుగెత్తి వెళ్దామని నిర్ణయించుకున్నాను. నా భార్య సునీతకు చెప్పాను. "పో. కానీ ఆయన ఏం చెప్పినా తట్టుకొని ఇంటికి రావాలె. అది మాటియ్యి" అంది. మొయిన్ సాబ్ మాత్రం ఒకటే అడిగారు. "నీ కోసం పోతున్నవా, ఆయన కోసం పోతున్నవా?" నేను ఇంకో చుట్టు మొదలుపెట్టాను. ఆయనా రెట్టించలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం, తెల్లవారుజామున ఐదింటికి కరీంనగర్ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. జగిత్యాల, కోరుట్ల మీదుగా మెట్‌పల్లికి రెండు గంటల పైనే పట్టింది, టికెట్టు నూట ముప్పై దాకా అయింది. కోరుట్ల దాటాక తెల్లవారింది. మంచులో పసుపు చేలు, మొక్కజొన్న చేలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపించాయి. మెట్‌పల్లిలో దిగాను. మేమిద్దరం ఆ సాయంత్రం కూర్చున్న దుకాణం బస్టాండుకు కూతవేటు దూరంలోనే ఉంది. ఆ వేళప్పుడు షట్టరు దించే ఉంది. అయినా అటువైపు చూడకుండా, తల వంచుకుని ఆటోల దగ్గరికి నడిచాను. మల్లాపూర్‌కు షేర్ ఆటోలో మనిషికి ముప్పై. ఇక్కడ మీకు బస్సు కూడా దొరుకుతుంది గానీ ఆదివారం పొద్దున దాన్ని నమ్ముకోవద్దు.

మల్లాపూర్‌లో ఒక టీ కొట్టు ముందు దిగి బూట్ల లేసులు మళ్లీ కట్టుకున్నాను. కొట్టు నడిపే పెద్దావిడ నా నిక్కరును, బూట్లను, నడుముకు కట్టుకున్న నీళ్ల సీసాను వింతగా చూసింది.

"ఏడికి బిడ్డా?"

"ఖానాపూర్ పోవాలె అవ్వా. ఉరుక్కుంట పోత."

"ఉరుక్కుంటనా! ఎవలన్న ఎంబడి వడ్డరా ఏంది?" అని గట్టిగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా ముఖం చూసి ఆమె కూడా నవ్వు ఆపేసింది. టీతోపాటు రెండు బిస్కెట్లు చేతిలో పెట్టి, "పొద్దు ఎక్కకముందే వంతెన దాటు. కుక్కలుంటయ్, ఉరకకు, నడువు. ఉరికితెనే ఎంబడి వడ్తయ్" అని చెప్పింది. బిస్కెట్లకు పైసలు తీసుకోలేదు.

ఏడూ ముప్పావుకు మొదలుపెట్టాను. రోడ్డు మొదట్లో బాగుంది. రెండు వైపులా పసుపు చేలు, ఆకులు ఎండి పసుపుపచ్చగా వాలిపోయి ఉన్నాయి. చలికి ఊపిరి పొగలా కనిపిస్తోంది. మామూలుగా రెండు కిలోమీటర్లు దాటితే నాకు తలలో మాటలు ఆగిపోతాయి, అందుకే పరుగంటే ఇష్టం. ఆ రోజు ఆగలేదు. ఒక్కో బండి వెనకనుంచి వచ్చి దాటిపోతుంటే భుజాలు వాటంతట అవే బిగుసుకున్నాయి. నాలుగో కిలోమీటరు దగ్గర ఒక కోళ్ల ఫారం పక్కనుంచి మూడు కుక్కలు ఒక్కసారి రోడ్డు మీదికి వచ్చాయి. పెద్దావిడ చెప్పింది గుర్తొచ్చి ఆగిపోయాను. అవి మొరుగుతూ దగ్గరికి వస్తుంటే, నేను వాటి పళ్లకు కాదు, శంకర్ చెప్పిన ఆ కుక్కకు భయపడ్డాను. ఒక మోటారుసైకిలు అదే సమయానికి వెనకనుంచి వచ్చింది. నడిపే అతను బ్రేకు వేశాడు, కాలు కింద ఆనించి, హారన్ కొట్టి కుక్కలను తరిమి, నాకేసి చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. అంత సులువుగా ఆగాడు. కుక్కలు అడ్డమొస్తే మనుషులు ఆగుతారు. ఆ ఆలోచనను మోసుకుంటూనే మళ్లీ పరుగు మొదలుపెట్టాను.

గోదావరి వంతెన దగ్గరికి చేరేసరికి ఎనిమిదీ ముప్పావు. వంతెన పొడవైనది. పక్కన నడిచే దారి ఇరుకు, కాబట్టి ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా కుడివైపే వెళ్లండి. సగం దూరం పోయాక నాకు ఛాతీలో పట్టేసింది. మొదట పక్కనొప్పి అనుకున్నాను. తర్వాత వేళ్లు తిమ్మిరెక్కాయి, పెదవులు మొద్దుబారాయి, ఊపిరి లోపలికి పోవడం లేదు. కింద నీళ్లు తక్కువగా, ఇసుక మేటల మధ్య నల్లగా ఉన్నాయి. ఇక్కడే చచ్చిపోతున్నాను అనుకున్నాను. ఇలాంటిది గతంలో రెండుసార్లు వచ్చింది, ఇది గుండెపోటు కాదు భయమేనని డాక్టరు పరీక్షలు చేసి చెప్పాడు. ఆ సంగతి తెలుసు. తెలిసినా ఆ క్షణంలో అది ఎందుకూ పనికిరాలేదు. రెయిలింగు పట్టుకుని కిందికి జారిపోయాను. ఇసుక లారీ ఒకటి హారన్ కొడుతూ పోతే వంతెన మొత్తం నా వీపు కింద వణికింది.

అటువైపు నుంచి భుజాన వల వేసుకుని వస్తున్న ఒక చేపలు పట్టే తాత నా దగ్గర ఆగాడు. "ఏమైంది కొడుకా? గుండెల నొస్తుందా?"

"లేదు తాతా. భయమైతుంది." అంత సూటిగా నేనెన్నడూ ఎవరికీ చెప్పలేదు.

"నడుమల కూసోకు, లారీలొస్తయ్. లే. నా భుజం వట్టుకో. ఏడికి పోవాలె?"

"ఖానాపూర్. దోస్తు ఇంటికి."

"దోస్తు ఇంటికి పోనీకె గింత భయమెందుకురా?" అని, జవాబు కోసం చూడకుండా, తను వచ్చిన దారినే వెనక్కి తిరిగి నాతో నడిచాడు. వంతెన చివరిదాకా ఆయన భుజం మీద చెయ్యి తీయలేదు. తడి వల నా మోచేతికి తగులుతూ చల్లగా ఉంది. దారంతా ఆయన చేపల గురించే మాట్లాడాడు. ఈ ఏడు బొచ్చెలు పడడం లేదని, రొయ్య కూడా తగ్గిందని. అడుగులు లెక్కపెట్టినట్టు ఒక్కో మాటా వింటూ నడిచాను. అవతలి ఒడ్డున ఆయన నా ముఖంలోకి చూసి, "ఇగ వొయ్యి. ఉరుకుతవో నడుస్తవో నీ ఇష్టం" అని మళ్లీ వంతెన ఎక్కాడు. పేరు అడగడం మరిచిపోయాను.

అక్కడి నుంచి ఖానాపూర్ దాకా పది కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ప్రమాదం జరిగింది ఈ ముక్కలోనే. శంకర్ భార్య రాజమణి అప్పట్లో ఆసుపత్రిలో "మోరీ కాడి మలుపుల" అని ఎవరికో చెబుతుంటే విన్నాను. రోడ్డు కింద వాగు నీళ్లు పోయే ఆ మోరీని చూడగానే అన్నీ గుర్తొస్తాయని ఏడాదిగా భయపడుతున్నాను. కానీ ఆ దారిలో నాకు మూడు మోరీలు కనిపించాయి, మూడింటికీ మలుపులున్నాయి. మొదటిదాని దగ్గర ఆగి గట్టును, తూటికాడల పొదను, సిమెంటు పెచ్చులూడిన దిమ్మెను చూశాను. ఏమీ రాలేదు. రెండోదాని దగ్గర దిమ్మె మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఏమీ రాలేదు. మూడోదాని దగ్గర కూడా అంతే. నా దోస్తు కాలు పోయిన చోటిని నేను గుర్తుపట్టలేకపోతున్నాను. గుర్తొస్తే ఎలా అనుకున్నవాణ్ని, గుర్తురాకపోవడం దానికన్నా ఘోరంగా ఉంటుందని అనుకోలేదు. అక్కడి నుంచి పరుగు, నడక కలిపి పోయాను. సీసాలో నీళ్లు అయిపోయాయి. వంతెన తర్వాత నాకు కొట్టు ఒక్కటి మాత్రమే కనిపించింది, అదీ మూసి ఉంది.

పది దాటాక ఖానాపూర్ చేరాను. శంకర్ ఇప్పుడు ఇంటి ముందు రేకుల షెడ్డులో మోటార్ వైండింగ్ చేస్తాడు. పొలాల్లో కాలిపోయిన మోటార్లకు పాత తీగ తీసేసి కొత్త రాగితీగ చుట్టే పని. కుర్చీలో కూర్చుని, కుడికాలు ముందుకు చాపి, ఒళ్లో తీగచుట్ట పెట్టుకుని ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. నన్ను చూసి చేతులు ఆపాడు.

"ఏంరా సుధాకరా. గీ వేషమేంది?"

"మల్లాపూర్ నుంచి ఉరికొచ్చిన."

చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి కాస్త గర్వంగానే వచ్చింది. ఇన్ని నెలలుగా ఆ మాట విన్న ప్రతివాళ్లూ భుజం తట్టారు. శంకర్ నా కాళ్ల వైపు చూశాడు. దుమ్ము పట్టిన బూట్లు, గట్టిపడిన పిక్కలు. తర్వాత తన కాలి వైపు చూసుకున్నాడు.

"ఉరికొచ్చినవా," అన్నాడు మెల్లగా. "నాకు సూపెట్టనీకె వచ్చినవా, నీ కాళ్లు?"

 పదకొండు నెలల్లో ఒక్కసారి కూడా, ఒక్క పొద్దున కూడా, ఆ విషయం నాకు తట్టలేదు. లోపలి నుంచి రాజమణి వచ్చి "అన్నా, కూసో" అంటుంటే, "పొమ్మను ఆన్ని" అన్నాడు శంకర్, తల ఎత్తకుండా.

వెళ్లిపోయాను. ఎటు పోతున్నానో చూసుకోలేదు. చూసేసరికి ఒక వైన్స్ ఎదురుగా ఉన్నాను. షట్టరు అప్పుడే పైకి ఎత్తారు. జాలీ వెనక సీసాలు వరసగా ఉన్నాయి. లోపల ఒక గొంతు చాలా మర్యాదగా, ఒక్కటే, ఈ దడ తగ్గేదాకా, అంటోంది. పరుగెత్తుదామనుకున్నాను. అలాంటి వేళల్లో నేను చేసేది అదే. కాళ్లు కదలలేదు, తొడలు రాయిలా బిగుసుకుపోయాయి. మొయిన్ సాబ్‌కు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. సునీతకు చేయడానికి సిగ్గు అడ్డొచ్చింది. జాలీ అవతలి మనిషి "ఏం గావాలె అన్నా?" అని కూడా అడిగాడు. నా జేబులో డబ్బులున్నాయి. ఆ క్షణంలో నేనెంత దగ్గరగా ఉన్నానో రాయాలంటే ఇప్పటికీ అరచేతులు తడుస్తున్నాయి.

ఆ ఊళ్లో నాకు తెలిసిన ఇల్లు ఒక్కటే. నన్ను పొమ్మన్న ఇల్లు. దానికే వెనక్కి నడిచాను. షెడ్డు ముందు మెట్టు మీద కూర్చున్నాను.

"మల్లెందుకొచ్చినవ్?" అన్నాడు శంకర్.

"వైన్స్ ముంగట నిలబడి వస్తున్న. తాగలే. ఇంకో నిమిషం ఆడ ఉంటె తాగుతుంటి. నువ్వు మాట్లాడకు, తిట్టు, ఏమన్న చెయ్. జర సేపు ఈడ కూసోనీ."

అతను చేతిలోని తీగచుట్ట పని పూర్తి చేశాడు. తర్వాత కాలిపోయిన మోటారు బాడీ ఒకటి నా ముందుకు నెట్టాడు, పటకారు ఇచ్చాడు. "పాత తీగ గుంజు. ఊకె కూసుంటె ఇంకా పరేషాన్ అయితవ్." లాగాను. మాడిన వార్నిష్ వాసన, గోళ్లలో మసి. అరగంట అయ్యాక తల వంచుకునే అడిగాను.

"శంకర్, కుక్క వచ్చిందా ఆ రోజు?"

అతని చేతులు ఆగాయి.

"నీకు యాదికి లేదా?"

"లేదు. ఏదీ లేదు."

"కుక్క లేదు, ఏం లేదు," అన్నాడు. "ఆపు, దిగుత అన్న నేను. మూడుసార్లన్న. నువ్వు నవ్వినవ్. నవ్వుకుంట ఇంకా స్పీడ్ వెంచినవ్. మోరీ దిమ్మెకు గుద్దినవ్." కాసేపాగి, "ఆస్పత్రిల నీ పిల్లలు గోడకానుకొని నిలవడ్డరు. ఆళ్ల మొఖాలు చూసి కుక్క అని చెప్పిన. తర్వాత మాట మార్చబుద్ధి గాలే" అన్నాడు.

నవ్వినవ్. ఆ ఒక్క మాట నా లోపల ఎక్కడికి పోయిందో చెప్పలేను. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. చెయ్యి అడ్డం పెట్టాడు. "అదడగకు. ఇయ్యాల నా తాన లేదు." రాజమణి లోపలి నుంచి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తెచ్చి ఇద్దరి మధ్య పెట్టింది. ఇద్దరం తిన్నాం. తిన్నాక నా మొదటి మోటారులోంచి మిగిలిపోయిన తీగముక్కలు చూపించి, సరిగ్గా తీయలేదని తిట్టి, మళ్లీ తీయించాడు. రెండు గంటల ప్రాంతంలో బస్టాండుకు బయల్దేరుతుంటే, ఇదంతా రాసుకుంటానని, కుక్క లేదని కూడా రాస్తానని చెప్పాను. "రాయి. నా పేరు మార్చు" అన్నాడు. మార్చాను. నేను రోడ్డు మీదికి వచ్చాక వెనకనుంచి గట్టిగా వినిపించింది. "మల్లొస్తే బస్సుల రా."

మెట్‌పల్లి బస్సులో కూర్చున్నాక మొయిన్ సాబ్ ఫోన్ వచ్చింది. ఫోను చార్జింగులో పెట్టి పక్కింట్లో దావత్‌కు వెళ్లారట. జరిగింది చెప్పాను.  పరుగు నన్ను పదకొండు నెలల్లో ఎన్నో సాయంత్రాలు దాటించింది, నిద్రనిచ్చింది, ఒక పేరునిచ్చింది. అది అబద్ధం కాదు. కానీ ఆ పేరు కింద దాక్కుని నేను ఒక మనిషి కాలి గురించి ఆలోచించడం మానేశాను, అది కూడా అబద్ధం కాదు. ఇంటికి వెళ్లి సునీతకు, పిల్లలకు కుక్క లేదని చెప్పాను. పెద్దవాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. భయం పోలేదు. ముందు ఏం చేశానో తెలియక భయం, ఇప్పుడు తెలిసి భయం. అయితే ఈ రెండోదానితో ఒకచోట కూర్చోగలుగుతున్నాను. నెలకొక ఆదివారం బస్సులో ఖానాపూర్ వెళ్తున్నాను, పాత తీగ గుంజడం ఇప్పుడు బాగానే వచ్చింది. శంకర్ ఇంకా క్షమించానన్న మాట అనలేదు. నేను అడగలేదు.

ఈ దారిలో పరుగెత్తాలనుకునే వాళ్లకు, ముఖ్యంగా కొత్తగా మందు మానినవాళ్లకు ఒక్క సూచన. బయల్దేరే ముందు, మీరు ఏ దారిలో పోతున్నారో, ఎన్నింటికి చేరతారో ముగ్గురికి చెప్పండి. ఆ రోజంతా ఫోను దగ్గర పెట్టుకోమని ముగ్గురినీ అడగండి. ఒక్కరు చాలరు.